మంచం మీద గడ్డి చామంతి

ఫోన్ మోగేసరికి కొత్త కోడలి ఒళ్లో బఠానీలున్నాయి. ఒలిచినవి పళ్లెంలో, ఒలవాల్సినవి ఒళ్లో, తొక్కలు నేల మీద. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"మూసుకుంది," అన్నాడు మొగుడు.

హలో లేదు, ఏం చేస్తున్నావు లేదు.

"ఏంటి మూసుకుంది? ల్యాబా?"

"గీత. ఈ కొస నుంచి ఆ కొసదాకా, వెతికినా సందు కనపడట్లేదు. మందు వెయ్యని గిన్నెలో గీత ఇంకా నోరు తెరుచుకునే ఉంది. మనది మాత్రం మూసుకుంది."

'మనది' అన్న మాటని ఆమె చటుక్కున పట్టుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఆ మాట ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకుంటోంది. మన గది, మన గొడుగు, మన టూత్‌పేస్ట్. ఇప్పుడు మన గీత. ఉన్నపళంగా లేచి నిలబడింది. ఒళ్లో బఠానీలన్నీ టపటపా రాలి బల్ల కిందకీ, సోఫా కిందకీ, ఎదురుగా కూర్చున్న అత్తగారి చెప్పుల్లోకీ దొర్లిపోయాయి.

"ఏంటట?" అంది అత్తగారు, కాళ్లు పైకి తీసుకుని.

"గీత మూసుకుందట అత్తయ్యా."

"పుండు మానిందా, గిన్నెలో గీత మానిందా?"

"గిన్నెలో గీతే."

"అయితే బఠానీలు ఏరు," అంది అత్తగారు. అన్నదే గానీ, మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకోవడం కోడలు చూడనే చూసింది.

అత్తగారు ఒక చిన్న ఆస్పత్రిలో కట్లు కట్టే గదికి పెద్ద నర్సు. ఆ గదిలోకి కాలిన చేతులొస్తాయి, తెగిన వేళ్లొస్తాయి, ఎంతకీ మానని మడమలొస్తాయి. వచ్చే ముందు ఇంట్లోవాళ్లు వాటి మీద చెయ్యని ప్రయోగం ఉండదు. కాఫీపొడి అద్దుతారు, టూత్‌పేస్ట్ పూస్తారు, పేరు తెలియని ఆకు నూరి మట్టితో సహా కుక్కుతారు. అదంతా ఓపిగ్గా కడిగి తియ్యడమే ఆవిడ ఉద్యోగంలో సగం. అలాంటి మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు చదువుకుని, చదువుకుని, చివరికి పట్టుకున్నది ఆకు పసరు.

"నేను పుండులోంచి ఆకు తీస్తాను. వీడు పుండులో ఆకు పెడతానంటాడు. ఆలోచించుకో అమ్మా," అని పెళ్లికి ముందే ఈ అమ్మాయిని హెచ్చరించింది ఆవిడ.

ఆలోచించడానికి ఆమెకేమీ కనపడలేదు. ఆమె బడిలో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పుతుంది. ఆకులంటే ఇష్టం. ఆకుల గురించి మాట్లాడేటప్పుడు రెండు చేతులూ గాల్లో తిప్పే మనిషంటే ఇంకా ఇష్టం.

అతని ఆకు గడ్డి చామంతి. దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పొయ్యరు. బస్సు డిపో గోడ వెంట, కాలిబాట పగుళ్లలో, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. నూగు ఆకులు, పొడుగాటి కాడ చివర, నడుమ పసుపుతో చొక్కా గుండీ అంత పువ్వు. ఆటల్లో మోకాలు చీరుకున్న పిల్లలు ఆ ఆకు నలిపి రసం పిండుకుంటారు. మోకాలు మానుతుంది. మోకాలు ఎలాగూ మానేదే కదా, అందులో ఆకు చేసిందెంత అన్నదే అతని ప్రశ్న. దాని కోసం ఎవరి మోకాలి జోలికీ పోడు. చర్మంలోని కణాల్ని చిన్న గిన్నెలో పెంచుతాడు. అవి ఒకదాన్నొకటి ఆనుకుని పలచటి పొరలా పరుచుకున్నాక, సన్నటి మొనతో మధ్యలో ఒక గీత గీకుతాడు. అదే గాయం. ఒక గిన్నెలో ఆకు సారం వేస్తాడు, ఇంకోదాంట్లో వెయ్యడు. రెండిటినీ వెచ్చటి పెట్టెలో పెట్టి, గీత ఎందులో ముందు పూడుతుందో చూస్తాడు.

పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం ఆమెని ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. వేరేవాళ్లు పెళ్లాల్ని సినిమాకి తీసుకెళ్తారు. ఆమె కన్ను ఆనించి చూస్తే మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత తేటపడింది. మధ్యలో ఖాళీ దారి, దానికి రెండు వైపులా గుమిగూడిన కణాలు. అంచు మీది కొన్ని మాత్రం, చీకట్లో మెట్టు కోసం కాలు చాపే మనిషిలా, దారిలోకి ఒంగి ఉన్నాయి.

"వీటికి ఇటు రమ్మని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పరు. పక్కన తోడు లేకపోతే ఊరుకోవు. తోడు తగిలేదాకా నడుస్తూనే ఉంటాయి."

కొత్తగా పెళ్లయిన మనిషితో అలాంటి మాట అనకూడదు. ఆమె ఇల్లు చేరేదాకా అతని చెయ్యి వదల్లేదు.

అయితే ఆ ఆకు అతన్ని బాగా ఏడిపించింది. ఒకసారి గీత సగం పూడేది. ఇంకోసారి మామూలు గిన్నెకీ దీనికీ తేడా ఉండేది కాదు. ల్యాబ్ పెద్దసారు మంచివాడే గానీ ఆయన ఓపికకీ ఒక హద్దుంది. "ఇదే ఆఖరు. ఈసారి కూడా ఊగిసలాడితే గడ్డి చామంతిని గోడ పక్కనే వదిలెయ్. వేరే పని ఇస్తాను," అనేశాడు. ఆ పూట అతను కంచం ముందు కూర్చుని, నీళ్లు మాత్రం తాగి లేచాడు. ఆకుని నవ్వులాటగా తీసుకునే అత్తగారు కూడా ఆ పూట అతని కంచం మీద మూత పెట్టి ఉంచింది.

ఆకు నీడలో, గాలికి ఆరాలి. ఎండ తగిలితే పస పోతుందని అతని పట్టుదల. ల్యాబ్‌లో ఆరబెట్టే గదికేమో కప్పు కారుతోంది. అందుకని ఆఖరి విడత ఆకు కొత్త జంట గదిలోకొచ్చింది. ఇల్లు చిన్నది. కాస్త వెడల్పాటి జాగా అంటే మంచమే. ఆమె అల్మారాలోంచి తెల్ల దుప్పటి తీసి మడత విప్పి పరిచింది. గడ్డి చామంతి దర్జాగా మంచమెక్కింది, ఆలుమగలు చాప మీదకి దిగారు.

"మీ నాన్న కూడా నన్నింత అపురూపంగా చూసుకోలేదురా, ఆ ఆకుని చూసుకున్నట్టు," అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆ గదిలో ఆరుతున్నది అదొక్కటే కాదు. బాల్కనీలో అత్తగారి కుండీల్లో బంతి మొక్కలున్నాయి. అతను రోజూ ల్యాబ్ నుంచి రాగానే అటు వెళ్లి, అమ్మ చూడకుండా ఒక పువ్వు తుంచి, చెయ్యి వెనక్కి పెట్టుకుని వచ్చి భార్యకిస్తాడు. అమ్మ రోజూ చూస్తుంది. "నా కుండీ దోచి నీ పెళ్లాన్ని మెప్పిస్తున్నావా? ఒక్క మొక్కకి నీళ్లు పోసిన పాపాన పోలేదు," అంటుంది. కోడలు ఆ పూలు వాడాక పారెయ్యలేక, రేకులు విడదీసి అట్టముక్క మీద పరిచి, కిటికీ గట్టు మీద ఆరబెట్టి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో దాచుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి సిగ్గుపడేది.

బఠానీలు దొరికినన్ని ఏరి, ఆమె గదిలోకి పరిగెత్తింది. అతను వచ్చేసరికి ఒక బొమ్మ సిద్ధం చెయ్యాలని ఊహ పుట్టింది. దళసరి అట్ట మీద గీత గీస్తుంది, దానికి రెండు వైపులా కణాల బదులు బంతి రేకులు అతికిస్తుంది, అతనిచ్చిన పూలవే. చూసి అతని మొహం ఎలా వెలిగిపోతుందో తల్చుకుంటేనే ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

డబ్బా మూత తీసింది. అడుగు కనపడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. వాన పట్టిన రోజు, ఆకు చెమ్మగిల్లుతుందేమోనని ఫ్యాన్ పూర్తిగా తిప్పి బడికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గట్టు మీది అట్టముక్క బోర్లా పడి ఉంది. నేల మీద దొరికిన రేకులు డబ్బాలో వేసి, మిగతావి కిటికీలోంచి ఎగిరిపోయాయనుకుంది. ఆకు గలగలలాడేలా ఎండాక, కూనిరాగం తీస్తూ దోసిళ్లకొద్దీ సంచిలోకి ఎత్తి అతని చేతికిచ్చింది.

దుప్పటి అల్మారాలో ఉంది. ఆకు వాసన పోతుందని, ఎవరైనా వింటే నవ్వుతారని కూడా అనుకోకుండా, ఉతక్కుండానే మడిచి దాచింది. తీసి మంచం మీద విప్పింది. ఆకు నుసి, విరిగిన కాడలు. వాటి మధ్య, మడతల్లో ఇరుక్కుని, పసుపు ముద్దబంతి రేకులు.

ఒక రేకు తీసి వెలుగుకి పట్టి చూసింది.

ఉత్త ఆకు వేసినన్నాళ్లూ ఊగిసలాడిన గీత, బంతి కలిసిన ఈసారే పూర్తిగా పూడింది. అంటే పూడ్చింది ఎవరు? అతనేమో ఈపాటికి పెద్దసారుకి చెప్పేసి ఉంటాడు. ఆకు గెలిచిందని ల్యాబంతా అనుకుంటూ ఉంటుంది. ఆమె డబ్బాకి మూత పెట్టింది. చిటికెడు రేకులు, పొడి కూడా అయిపోయాయి, ఎవరికి తెలుస్తుంది అనుకుంది. మళ్లీ మూత తీసింది. అతను "మనది" అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది. అందులో ఉన్నది ఏమిటో తనకొక్కదానికే తెలిసి, అతనికి తెలియకపోతే అది మనదెలా అవుతుంది?

దుప్పటి మూటలా చుట్టుకుని హాల్లోకొచ్చి, అత్తగారి ముందు నిలబడి, నీళ్లు నమిలి నమిలి మొత్తం చెప్పింది.

అత్తగారు అంతా విని, "నా బంతిపూలా?" అంది.

"అవునత్తయ్యా."

"అయితే మందు నా కుండీదన్నమాట." ఆవిడకి నవ్వాగలేదు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. తీరా చూస్తే కోడలి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆవిడ నవ్వాపి, పక్కకి జరిగి చోటిచ్చింది. "కూర్చో."

"ఇదే ఆఖరన్నారు పెద్దసారు. ఇప్పుడు చెబితే ఆ పని చేతిలోంచి పోతుంది. చెప్పకపోతే..."

అత్తగారు కాసేపు తన చేతుల వంక చూసుకుంది. ఆ చేతుల్ని పనిలో ఉండగా కోడలు ఒక్కసారే చూసింది, టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడు. ఒక ముసలాయన కాలికి అంటుకుపోయిన గాజుగుడ్డని ఆవిడ లాగలేదు. గోరువెచ్చటి నీళ్లు పోస్తూ, ఆయన మనవరాలి అల్లరి గురించి అడుగుతూ, గుడ్డ తనంతట తాను ఊడి వచ్చేదాకా కూర్చుంది. ఊడిన సంగతి ఆయనకి తెలియనే లేదు.

"నిన్న ఒకాయన వచ్చాడు, మడమ చూపించుకోడానికి," అంది అత్తగారు. "పైన చర్మం అద్దంలా మూసుకుంది. మానిపోయిందని సంబరంగా నడిచొచ్చాడు. వేలితో నొక్కితే కింద మెత్తగా ఉంది."

"ఏం చేశారు?"

"డాక్టర్‌గారు మళ్లీ తెరిచారు. నేను కాలు పట్టుకున్నాను. అడుగు నుంచి మానాలమ్మాయ్, పైనుంచి కాదు. ఆయన మా ఇద్దర్నీ తిట్టిపోశాడు. కట్టు కట్టాక టీ తాగి వెళ్లాడు." ఆవిడ లేచి చెప్పులు దులిపింది. రెండు బఠానీలు రాలాయి. "పద. నేనూ వస్తాను. వాడా పసరు ఎక్కడ కాస్తాడో ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు."

ల్యాబ్‌లో టీ కప్పులు తిరుగుతున్నాయి. అమ్మ గుమ్మంలో కనపడేసరికి అతని చేతిలో కప్పు ఒలికింది. పెద్దసారు కుర్చీ లాగి వేశాడు. కోడలు కూర్చోలేదు. అత్తగారి ముందు అతన్ని మీరు అనీ, గదిలో నువ్వు అనీ పిలవడం ఆమె పెట్టుకున్న పద్ధతి. ఆ కంగారులో పద్ధతి కాస్తా ఎగిరిపోయింది.

"నువ్వు పొడి కొట్టింది ఆకొక్కటే కాదు. అందులో నువ్విచ్చిన బంతిపూలు కూడా ఉన్నాయి."

బల్ల మీద దుప్పటి విప్పింది. ఫ్యాను, అట్టముక్క, బిస్కెట్ డబ్బా అన్నీ బయటపడ్డాయి. ప్రేమగా దాచుకున్న రేకుల సంగతి పరాయి మనుషుల ముందు చెప్పాల్సి రావడంతో ఆమె చెవులు వేడెక్కిపోయాయి. పెద్దసారు మిగిలిన పొడి సీసా తీసి, తెల్ల కాగితం మీద కొంచెం ఒంపాడు. ఆకుపచ్చ పొడిలో అక్కడక్కడ పసుపు నలకలు.

ఆమె మొగుడి మొహం చూడలేక కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. విసుగొస్తుందనుకుంది. కనీసం నిట్టూరుస్తాడనుకుంది.

"పసుపు నేను చూశాను సార్," అన్నాడు అతను. "గడ్డి చామంతి పువ్వులే ఒకటో రెండో పడ్డాయనుకున్నాను. ఏరి చూడాల్సింది. గీత మూసుకోవాలన్న ఆత్రంలో చూడలేదు. తప్పు ఆమెది కాదు, నాది."

అతను ఒక నలకని వేలి కొసకి అంటించుకుని దీపం కిందకి పట్టాడు. నెమ్మదిగా అతని రెండో చెయ్యి గాల్లోకి లేచింది.

"రేకులు అప్పటికే ఎండాయా, ఇంకా పచ్చిగా ఉన్నాయా?"

"సగం సగం."

"ఎన్ని పూలవి ఉంటాయి?"

"నువ్విచ్చినన్ని."

పెద్దసారుకి దగ్గొచ్చింది. అతను మాత్రం అదేమీ పట్టించుకోకుండా, "అంటే ఆకుదా, పువ్వుదా, రెండూ కలిస్తేనా..." అనుకుంటూ చేతులు తిప్పడం మొదలుపెట్టాడు. ఆమెకి అప్పుడే ఊపిరి ఆడింది. గెలిచాననుకున్నది చేతిలోంచి జారిపోయిన మనిషిలా లేడు అతను. తాళం పడిందనుకున్న ఇంట్లో ఇంకో గది ఉందని తెలిసిన మనిషిలా ఉన్నాడు. ఇంతటి మనిషి తన టూత్‌పేస్టే వాడుకుంటున్నాడు కదా అని, సమయం కాకపోయినా, ఆమెకి పట్టలేని సంతోషం వేసింది.

"పొద్దున నువ్వు చెప్పిన శుభవార్త ఎవరికీ చెప్పకుండా ఆపేస్తున్నాను," అన్నాడు పెద్దసారు. "ఆఖరన్న నా మాట కూడా ఆపేస్తున్నాను. ఇంకొక్కసారి చెయ్యి. ఆకు విడిగా, పువ్వు విడిగా, రెండూ కలిపి విడిగా. ఆకులో ఏమీ లేదని తేలితే, ఇన్నేళ్లూ నువ్వు చేసిన పని మీద ఆ మాటే రాయాలి. రాస్తావా?"

"రాస్తాను సార్."

ఆలోచించుకోలేదు, తల గోక్కోలేదు. చటుక్కున అన్నాడు.

ఈలోగా అత్తగారు మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లింది. "ఏదీ మీ గీత?" అంది. కొడుకు గిన్నె సర్ది, వెనక నిలబడ్డాడు. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఒంగి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఆ మానని గిన్నె చూపించు," అంది. చూసింది. "మళ్లీ ఇది పెట్టు."

"ఏమైందమ్మా?"

"పుండు మానేటప్పుడు అంచు నుంచి కొత్త చర్మం ఇలాగే పాకుతుందిరా. పలచగా, ముత్యం రంగులో. ఎన్నిసార్లు చూశానో. దగ్గర్నుంచి చూడ్డం ఇదే." కళ్లజోడు కిందకి దించుకుంది. "ఇది ఆకు చేసినా సరే, పువ్వు చేసినా సరే, బాగుంది."

అతను పక్కకి తిరిగి కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించాడు. అమ్మ నోట ఆ మాట వినడానికి ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాడో కోడలికి ఆ వీపు చూస్తే అర్థమైంది.

"అయితే మీ పూలు మాకు కావాలండీ," అన్నాడు పెద్దసారు.

"అడిగితే ఇస్తాను. దొంగతనంగా కోసేవాళ్లకే ఇవ్వను," అంది అత్తగారు, కొడుకు వంక చూసి.

సాయంత్రం ముగ్గురూ ఇల్లు చేరారు. అలవాటు కొద్దీ అతను బాల్కనీ వైపు నడిచాడు.

"చెయ్యి తియ్," అంది వంటింట్లోంచి గొంతు.

"ఒక్కటే అమ్మా."

"ఇవాళ్టి నుంచి ఆ పూలు ల్యాబ్‌వి. నీ పెళ్లాన్ని వేరే రకంగా మెప్పించుకో."

అతను ఉత్త చేతులతో వెనక్కొచ్చాడు. సోఫా దగ్గర ఆగి, ఒంగి, కాలి కింద పడబోయిన బఠానీ గింజ ఒకటి తీసి, ఊది, చెయ్యి వెనక్కి పెట్టుకుని వచ్చి భార్య అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకెళ్లి బిస్కెట్ డబ్బాలో వేసి, ఈసారి మూత గట్టిగా నొక్కింది.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చి, వార్డులో పని పంచే గొంతుతో చెప్పింది.

"రేపు తెల్లారగానే మీరిద్దరూ డిపో గోడ దగ్గరికి వెళ్లండి. ఉత్త ఆకే కొయ్యండి, పువ్వు ఒక్కటి రాకూడదు. బంతిపూలు నేను కోస్తాను. ఆకు మీ మంచం మీద, రేకులు నా మంచం మీద, రెండు గదులకీ తలుపులేసేద్దాం. మనం ముగ్గురం హాల్లో సర్దుకుందాం. ఫ్యాన్ మీట మాత్రం నేనే నొక్కుతాను."